కింద ఎడమ మూల రెండక్షరాలు

"అత్తా, మేడ పడగొడ్తున్నం. మీ ట్రంకుపెట్టె ఒకటి ఇంక మా కొట్టుగదిలనే ఉంది. మీరొచ్చి చూస్తరా, పాత సామానోనికి ఏసెయ్యాల్నా?" అని శ్రీను ఫోన్ చేసినప్పుడు నాకు చర్రున కోపం వచ్చింది. శ్రీను మా చిన్ననాటి ఇంటి ఓనరు బాలకిష్టయ్య సేటు మనవడు, మంచివాడే. అయినా మా అమ్మానాన్నల పెట్టెని పాత సామానోడికి వేసెయ్యడమేమిటి? అరవై దాటాక నాకు కోపాలు ఇలా చిన్న చిన్న మాటలకే వస్తున్నాయి. ఆ ఆదివారమే ఆటో ఎక్కి నాంపల్లి వెళ్లాను. స్టేషన్ దగ్గర దిగి అబిడ్స్ వైపు పోయే సందులోకి తిరిగితే మా మేడ ఇంకా నిలబడే ఉంది. కింద మూడు గదుల్లో మేముండేవాళ్లం. వీధివైపు గది మా నాన్న టైపు ఇన్‌స్టిట్యూట్. పైన సేటు కుటుంబం. ఆ ముందుగదిలో మొన్నటిదాకా ఎవరో ఫోన్ కవర్లు అమ్మారట, గోడల నిండా మేకులు మిగిల్చి పోయారు.

పెట్టెలో పెద్దగా ఏమీ లేదు. రిబ్బన్లు వచ్చే గుండ్రటి రేకు డబ్బాలు, వాటిలో అమ్మ దాచిన బొత్తాలు. నేర్చుకునేవాళ్లు అక్షరాలు చూడకుండా వేళ్ల మీద కప్పే నల్ల గుడ్డ. ముక్కిపోయిన ప్రాక్టీసు పుస్తకం. ఆ పుస్తకం మధ్యలో నాలుగు మడతలు పెట్టిన అర ఠావు కాగితం. విప్పకముందే అదేమిటో నాకు తెలిసిపోయింది. ఒక రసీదు. చేత్తో రాసింది. రాసినాయనకి రాయడం ఏమాత్రం ఇష్టం లేదని ఆ అక్షరాలే చెబుతాయి. కింద ఆయన పేరు, సంతకం. పక్కన సాక్షులుగా మా నాన్న సంతకం తెలుగులో, సేటు సంతకం ఉర్దూలో. ఒక మూల చింతపండు మరక. నేను ఆ కొట్టుగది గడప మీదే కూలబడ్డాను. శ్రీను కూతురు అమూల్య కంగారుపడి మంచినీళ్లు తెచ్చింది. "ఏమైంది నానమ్మా?" అంది. ఏమీ కాలేదే పిల్లా, మా అమ్మ గుర్తొచ్చింది, అన్నాను.

మా నాన్న రామ్మోహనరావు కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాడు. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకి మారినప్పుడు ఫైళ్లతో పాటు వచ్చిన గుమాస్తాల్లో ఒకడు. కొన్నేళ్లకి ఎవరితోనో మాటపట్టింపు వచ్చి ఉద్యోగం వదిలేసి ఈ ఇన్‌స్టిట్యూట్ పెట్టాడు. పదకొండు మిషన్లు. పది ఇంగ్లీషువి, ఒకటి తెలుగుది. పొద్దున ఆరు గంటల బ్యాచ్ ఆడవాళ్లది, దాన్ని అమ్మ చూసేది. మా ఇంట్లో కోడికూత, సుప్రభాతం లాంటివేమీ ఉండేవి కావు, పది మిషన్లు ఒక్కసారి టకటకలాడితే తెల్లవారినట్టు. నూనె, రిబ్బను, కార్బను కాగితం కలిసిన వాసన ముందుగదిలోంచి వంటింట్లోకి వచ్చేది. మేడ మీదనుంచి చింతపండు వాసన దిగేది. సేటుకి ఉస్మాన్‌గంజ్‌లో చింతపండు టోకు వ్యాపారం. రోజూ రకరకాల నమూనాలు జేబులో వేసుకొచ్చి, "అమ్మా, జర ఈటితోని చారు పెట్టి చూడు, ఏది పులుపో చెప్పు" అని అమ్మకిచ్చేవాడు. ఊరు ఊరంతా తినే చింతపండుకి ధర కట్టింది మా అమ్మ చారే అని నేను బళ్లో కోతలు కోసేదాన్ని. పూర్తిగా కోతలేమీ కావు.

నాన్నకి ఒక నియమం ఉండేది. ఆయన ఇన్‌స్టిట్యూట్ గడప దాటే ప్రతి కాగితానికీ కింద ఎడమ మూల కొట్టినవాళ్ల పొడి అక్షరాలు పడాలి. ఆఫీసు ఉత్తరాల్లో అది పాత పద్ధతే. ఉత్తరం చెప్పినవారి పొడి అక్షరాలు ముందు, తర్వాత ఒక గీత, గీత తర్వాత కొట్టినవారివి. చెప్పినవారు ఎవరూ లేకపోతే కొట్టినవారివే. కోర్టులకి వెళ్లే అర్జీలు బయటనుంచి పనికి వచ్చేవి, వాటికైనా సరే, ప్రాక్టీసు కాగితాలకైనా సరే ఇదే నియమం. అవి లేని కాగితాన్ని నాన్న చదివేవాడు కాదు, నిలువునా చింపేవాడు. "తప్పు ఎవరి చేతిదో తెలియకపోతే ఆ తప్పుని దిద్దేదెలాగమ్మా? నిన్ను తిట్టడానికి కాదు, దిద్దడానికి" అనేవాడు. పెళ్లయ్యాక అమ్మ టైపు నేర్చుకుంది ఈయన దగ్గరే. ఆమె పేరు వరలక్ష్మి. ఏ కాగితం కొట్టినా ఆఖరున చెయ్యి దానంతటదే ఎడమ మూలకి పోయేది. వ.ల. ఒకసారి చాకలి పద్దు కొట్టి దానికీ వేసింది.

సాయంత్రం అయిదు గంటలకి, ఒక బ్యాచ్ వెళ్లి ఇంకో బ్యాచ్ రాకముందు, వరండాలో కచేరీ. మూలమీది ఇరానీ హోటల్ నుంచి కెటిల్‌లో చాయ్ వచ్చేది. ఒక కుర్చీలో నాన్న, ఎదురు కుర్చీలో గంజ్ నుంచి వచ్చిన సేటు. నాన్న సోషలిస్టు. ఎర్ర దేశాల నుంచి నున్నటి కాగితం మీద అచ్చయి వచ్చే పత్రికలు తెప్పించేవాడు, చదివాక అవి నా పుస్తకాలకి అట్టలయ్యేవి. సేటుకి సర్కారు అంటేనే పడదు. ఎవని బేరం వాణ్ణి చేసుకోనియ్యాలనేది ఆయన శాస్త్రం. వాళ్లు దేనిమీదైనా వాదించుకునేవాళ్లు గానీ, తిరిగి తిరిగి వచ్చేది ఒక్కచోటికే. మనిషి నోటికి సర్కారు అడ్డం పెట్టొచ్చా, కూడదా?

"సేటుగారూ, పత్రిక ఎవరిదండీ? డబ్బున్నవాడిది. వాడి గొంతే అంత పెద్దగా మోగుతుంటే లేనివాడి గొంతు ఎవడికి వినబడుతుంది? అందుకే అక్కడి ప్రభుత్వం వాడి నోరు కట్టేసింది. జనం కోసం కట్టేస్తే తప్పేముంది?" అనేవాడు నాన్న.

"గట్లెట్లంటరు మాస్టర్ సాబ్? నా దుకాన్ల మంచి చింతపండు ఉంటది, పుచ్చిన చింతపండు ఉంటది. కొనేటోనికి ముక్కు లేదా? మాట గూడ గంతే. బజార్ల పెట్టనియ్యి. పుచ్చిందైతె ఎవడు కొనడు. ఇయ్యాల పరాయోని నోరు కట్టినోడు రేపు మీ నోరు కట్టడని ఏం గ్యారంటీ?"

"పుచ్చిన చింతపండు తింటే ఒక్కడికి కడుపునొప్పి. పుచ్చిన మాట వింటే ఊరంతటికీ."

"గా పుచ్చిందో లేదో చూసే ముక్కు సర్కారుకే ఉంటదా, మనకుండదా?"

ఇద్దరి మాటలూ నాకు ముచ్చటగా ఉండేవి. ఇద్దరి చేతలూ వేరేగా ఉండేవని కనిపెట్టడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. తడిసిన చింతపండు బరువు తూగుతుందని కొనేవాళ్ల ముందు నోరు జారిన గుమాస్తాని సేటు ఆ పూటే పంపించేశాడు. బజార్లో మాట పెట్టనివ్వాలి కదా అని నాన్న దెప్పితే, "దుకాన్ నాది" అన్నాడు. ఇక నాన్న సంగతి. ఆ ఎర్ర దేశాల్లో టైపు మిషన్లకి కూడా పోలీసు లెక్క ఉంటుందట, ఏ మిషన్ ఏ అక్షరం ఎలా కొడుతుందో నమూనాలు తీసి దాచుకుంటారట అని ఒక విద్యార్థి ఎక్కడో చదివి చెప్పాడు. నాన్న మొహం ఎర్రబడింది. అదంతా కట్టుకథ, ఇంకోసారి ఇక్కడ ఆ ఊసెత్తకు అన్నాడు. అమ్మ మాత్రం ఆ అబ్బాయి వైపు ఒకసారి, నాన్న వైపు ఒకసారి చూసి, ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. అన్నేళ్ల కచేరీలో అమ్మ వంతు ఎప్పుడూ ఖాళీ కప్పులే.

ఎమర్జెన్సీ వచ్చింది. పత్రికల మీద సెన్సారు కూచుంది. ఇప్పుడు చూడాలి వీళ్ల వాదన, మేడ లేచిపోతుందనుకున్నాను. చిత్రమేమిటంటే ఇద్దరికీ ఒక్కసారిగా రాజీ కుదిరింది. పేదవాళ్ల కోసం కార్యక్రమాలంటున్నారు, కొన్నాళ్లు నోళ్లు కట్టేస్తే ఏం పోయిందన్నాడు నాన్న. హమాలీల సమ్మెలు బంద్ అయినయ్, రైళ్లు టైముకొస్తున్నయ్, వ్యాపారం మంచిగ నడుస్తుంది అన్నాడు సేటు. ఉప్పూ నిప్పూలా ఉన్న ఇద్దరూ ఎదురెదురుగా కూచుని చాయ్ ఊదుకుంటూ తాగేవాళ్లు. చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. ఆ వరండా అంత నిశ్శబ్దంగా ఉండడం నేను చూడడం అదే మొదటిసారి. అమ్మకి ఆ నిశ్శబ్దం నచ్చలేదు. "అరుచుకుంటున్నప్పుడే మేలు. ఇద్దరిలో ఒకరు తప్పని తెలిసేది" అంది నాతో, బియ్యం ఏరుతూ.

అబిడ్స్‌లో ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి వాటి ముందు పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు పరుస్తారు. ఇప్పుడూ పరుస్తారు. అక్కడ యాదగిరి అని ఒకతను ఉండేవాడు. ఒకవైపు రాసి ఇంకోవైపు ఖాళీగా ఉన్న కాగితాలు కట్టలు కట్టి మా ఇన్‌స్టిట్యూట్ కోసం పక్కన పెట్టేవాడు. మా పిల్లలు ప్రాక్టీసు చేసిందంతా యాదగిరి కాగితాల మీదే. అమ్మతో వెళ్తే నాకు బొమ్మల పుస్తకాలు చూడనిచ్చేవాడు, కొనమని పీడించేవాడు కాదు. ఒక సోమవారం పొద్దున అతనే మా ఇంటికి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అక్కా, నిన్న లారీ తెచ్చిన్రు. పద్నాలుగు మందిమి. బుక్స్ అన్నీ పారలతోని ఎత్తి లారీల పోసిన్రు. రోడ్లు సాఫ్ చెయ్యాల్నంట. ఎటు తీస్కపోయిన్రో చెప్తలేరు. పారలతోని అక్కా, బుక్సుని!"

అమ్మ అతనికి అన్నం పెట్టింది. పత్రికలవాళ్లకి చెప్పకపోయావా అంది. అప్పటికే రెండు చోట్లకి వెళ్లొచ్చాడట. ఒకచోట, ఇట్లాంటిది రాస్తే సెన్సారువాళ్లు కొట్టేస్తారన్నారు. రెండోచోట ఉన్నాయన జాలిపడి నిజమే చెప్పాడు. సెన్సారుదాకా అక్కర్లేదు, అబిడ్స్ పెద్ద దుకాణాలే మాకు ప్రకటనలిచ్చేది, పేవ్‌మెంటు ఖాళీ అయిందని వాళ్లు సంతోషంగా ఉన్నారు, మా ఓనరు వెయ్యనివ్వడు, అని. అమ్మ అతని కంచంలో ఇంకాస్త అన్నం వడ్డించింది. నాన్న పక్షం తలుపూ, సేటు పక్షం తలుపూ రెండూ ఒకే మనిషి మొహం మీద మూసుకున్నాయని ఆ పూట ఆమెకి తట్టిందేమో. ఇది నేను ఇప్పుడు అనుకుంటున్నది. అప్పుడు నేను చూసింది ఆమె దవడలు బిగుసుకోవడమే.

మధ్యాహ్నం నాన్న కోర్టు దగ్గరికి వెళ్లినప్పుడు అమ్మ తెలుగు మిషన్ ముందు కూచుంది. స్టెన్సిల్ కాగితం ఎక్కించింది. తప్పు పడ్డచోట పూసే ఎర్ర ద్రవం వాసన, గోళ్ల రంగులాంటిది, ఇల్లంతా కమ్ముకుంది. మొత్తం పదకొండు లైన్లు. పద్నాలుగు మంది పేర్లు, లారీ వచ్చిన వేళ, పుస్తకాలెత్తిన తీరు. ఆఖరున ఒక్క ప్రశ్న: ఆ పుస్తకాలు ఎక్కడున్నాయో చెప్పండి. ఒక్క తిట్టు లేదు, జిందాబాద్ లేదు, డౌన్ డౌన్ లేదు. చేత్తో తిప్పే డూప్లికేటర్ మీద రెండు వందల కాపీలు తీసింది. మర్నాడు ఆరు గంటల బ్యాచ్ ఆడవాళ్లు తలా పదీ ఇరవై సంచుల్లో పెట్టుకుని వాళ్ల వాళ్ల ఆఫీసులకి పట్టుకుపోయారు. నా చేత మాత్రం ఒట్టు వేయించుకుంది. "ఎవరు కొట్టారో ఎవరికీ తెలియదు. నువ్వు చెప్తే తప్ప" అంది. నేను చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమే రాలేదు.

రెండు రోజుల తర్వాత నాన్న ఇరానీ హోటల్‌లో బల్ల మీద ఆ కాగితం చూశాడట. చదివి, రాసినవాడెవడో గానీ భాష శుభ్రంగా ఉందనుకున్నాడట. అలవాటుగా కళ్లు కింద ఎడమ మూలకి దిగాయి. ఇంటికి వచ్చేసరికి ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. కాగితాన్ని అమ్మ ముందు పెట్టి ఆ మూల మీద వేలు ఆనించాడు. చిన్నగా, ముచ్చటగా, వ.ల. అమ్మ ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. "పేరు లేకుండా కొట్టాలనే కూచున్నానండీ. వేళ్లు ఊరుకోలేదు" అంది. రాజద్రోహం చేస్తూ టైపిస్టు పొడి అక్షరాలు వేసిన మనిషి లోకంలో మా అమ్మ ఒక్కతే అయ్యుంటుంది. ఆ తప్పు నేర్పింది నాన్నే కాబట్టి ఆయనకి కోప్పడే దారి కూడా లేకపోయింది.

సాయంత్రం సేటుకి చెప్పక తప్పలేదు. ఈ చుట్టుపక్కల తెలుగు మిషన్లు ఎన్ని? వెతకడం మొదలుపెడితే నేరుగా మా గడపకే వస్తారు. మిషన్ మీద అక్షరాల అంచులు ఆకురాయితో అరగదీసేస్తే నమూనా కలవదన్నాడు నాన్న. ఎర్ర దేశపు కట్టుకథ ఆయనకి బాగానే గుర్తుందన్నమాట. అదంతా ఎందుకు, మిషన్ని చింతపండు బస్తాల కిందేసి గోదాంల పడేద్దాం, దొంగలెత్తుకపోయిన్రని చెప్పుండ్రి అన్నాడు సేటు. వ.ల. అంటే వేరే ఎవరైనా కావచ్చు, వల్లి అనే అమ్మాయి పోయినేడు నేర్చుకుని వెళ్లిపోయింది కదా, అని నాన్న నసిగాడు.

అమ్మ చేతిలో కప్పులు కింద పెట్టేసింది. మొదటిసారి వరండాలో మూడో కుర్చీ లాక్కుని కూచుంది.

"వల్లి మీద పెడతారా? ఆ పిల్ల మనకేం అపకారం చేసింది?" అంది. "మీరిద్దరూ ఇన్నేళ్లు వాదించుకున్నారు. నోరు సర్కారు మూయాలా, షావుకారు మూయాలా అని. మూసేవాడు ఎవడన్నదే మీ గొడవ. ఆ నోరు ఏం చెప్పాలనుకుంటోందో ఒక్కరోజు అడిగారా? నేనిక్కడే ఉన్నాను, చాయ్ పోస్తూ."

నాన్న ఆ కాగితాన్ని మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"పొరపాటున వేశాను, నిజమే. ఇప్పుడు చూస్తే అదే మంచిదైంది. నేను అన్న మాటలో అబద్ధముంటే నన్ను పట్టుకోమనండి, పేరు కింద ఉంది. నోరు మూయించేవాడిని కూడా పేరు వెయ్యమనండి. అంతే నేను అడిగేది. చెప్పేవాడూ వెయ్యాలి, ఆపేవాడూ వెయ్యాలి. మీ ఇన్‌స్టిట్యూట్ నియమమే కదా ఇది?"

వారం తిరక్కుండా వాళ్లు వచ్చారు. మూడు గంటల బ్యాచ్ నడుస్తోంది, నేను అప్పుడే బళ్లోంచి వచ్చాను. మామూలు బట్టల్లో ఒకాయన, వెనక ఇద్దరు. ఏ విభాగమో చెప్పలేదు. చేతిలో అమ్మ కాగితం. తెలుగు మిషన్ మీద నాలుగు లైన్లు కొట్టి చూపించమన్నాడు. మిషన్లన్నీ ఆగిపోయాయి. పదిమంది అమ్మాయిలు ఒళ్లో చేతులు పెట్టుకుని చూస్తున్నారు. నాన్న కూచున్నాడు. ఆయన వేళ్లు అంత నెమ్మదిగా కదలడం నేనెప్పుడూ చూడలేదు. నాలుగు లైన్లూ కొట్టి, మూలకి వెళ్లి, ఒక క్షణం ఆగి కొట్టాడు: రా.మో./వ.ల.

వచ్చినాయన వంగి చూశాడు. "అంటే చెప్పింది మీరు, కొట్టింది ఈ వ.ల., అంతేగా?"

"అవునండీ, చెప్పింది నేను. మా ఆవిడకేం తెలియదు, చెప్పింది కొట్టడమే" అన్నాడు నాన్న. సర్కారు నోరు మూయిస్తే తప్పేముంది అన్న మనిషి, తను అనని మాటని నెత్తికెత్తుకున్నాడు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ గర్వమే.

అమ్మ వంటింట్లోంచి తడిచేతులతో వచ్చింది, చీరకొంగుకి తుడుచుకుంటూ. నాన్న భుజం మీదుగా వంగి, కాగితాన్ని కాస్త పైకి తిప్పి, రా.మో. మీద టకటకా అడ్డగీతలు కొట్టేసింది. "చెప్పింది నేనే. కొట్టిందీ నేనే" అంది. తర్వాత నాన్న వైపు తిరిగి, అందరూ వింటుండగానే, "నా మాట మీద వేసుకోకండి. మీకు కావాలంటే మీదొకటి రాసుకోండి" అంది. ఒక అమ్మాయి కిసుక్కున నవ్వి నోరు మూసుకుంది.

ఆయన మిషన్ ఎత్తమని తన మనుషులకి సైగ చేశాడు. అమ్మ గడపకి అడ్డంగా నిలబడింది. ఏ కాగితం మీద తీసుకెళ్తున్నారంది. "కాయితం లేదమ్మా. పైనుంచి నోటిమాట" అన్నాడు. అయితే తీసుకున్నట్టు రసీదు రాసివ్వండి, నోటిమాట మీద తీసుకున్నానని కూడా రాయండి అంది అమ్మ. ఆయన తల అడ్డంగా ఊపాడు. "అట్ల రాసిచ్చేది ఉండదమ్మా, జర సమజ్ చేస్కో."

అప్పటికి సేటు మేడ మెట్లు దిగి వచ్చి అమ్మ పక్కన నిలబడ్డాడు. చేతివేళ్లకి చింతపండు అంటుకునే ఉంది. "సాబ్, మా గంజ్‌ల చిట్టీ లేనిది ఒక్క బస్తా గూడ గడప దాటదు. మిషన్ తీస్కపోండ్రి, వద్దంటలేం. చిట్టీ రాసిచ్చి తీస్కపోండ్రి" అన్నాడు. ఇటువైపు నాన్న వచ్చి నిలబడ్డాడు. "పొడి సంతకం లేకుండా ఫైలు కదలదని మీకూ తెలుసు, నాకూ తెలుసు" అన్నాడు. ఆ గడపలో ముగ్గురూ. సోషలిస్టూ, షావుకారూ, మధ్యలో తడిచేతుల మా అమ్మ. వెనక పదిమంది అమ్మాయిలు రెప్ప వెయ్యకుండా. నెట్టుకుని పోగలిగేవాళ్లే. ఏమనుకున్నాడో, ఆయన కుర్చీ లాక్కుని కూచుని రాశాడు. నోటిమాట అనే చోట కలం ఆగింది. అమ్మ ఆ పదాన్ని ఇంకోసారి చెప్పింది. రాశాడు. పేరు రాశాడు, సంతకం పెట్టాడు. సేటు సాక్షి సంతకం చేస్తుంటే వేలి మరక పడింది.

మర్నాడు అమ్మని పిలిచారు. మూడు రోజులు ఒక ఆఫీసు వరండాలో బెంచీ మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూచోబెట్టారు. టిఫిన్ డబ్బా పట్టుకుని ఆఫీసుకి వెళ్లినట్టు వెళ్లేది. ఇంట్లో నాన్న వంట చేసి ఉప్పు రెండుసార్లు వేశాడు. మూడో రోజు ఆయన అన్నం ముందు కూచుని ఏడవడం నేను చూశాను. నాలుగో రోజు అవసరమైతే పిలుస్తాం పొమ్మన్నారు, మళ్లీ పిలవలేదు. పుస్తకాల సంగతి నెల తర్వాత తెలిసింది. ఎవరో ఒకామె యాదగిరికి ఫలానా షెడ్డులో చూసుకో అని చీటీ పంపింది. సగం తడిసిపోయాయి, సగం దొరికాయి. ఆ చీటీ కింద పేరు లేదు. ఆరు గంటల బ్యాచ్ పిల్లే అయ్యుంటుందని అమ్మ అనుమానం. "నియమం తప్పింది, అయినా ఈసారికి చింపకండి" అంది నాన్నతో.

మిషన్ కోసం అమ్మ ప్రతి నెలా మొదటి సోమవారం ఆ రసీదు పట్టుకుని వెళ్లేది. ఆయన బదిలీ అయిపోయాడు. అయినా కాగితం మీద పేరుంది కాబట్టి, మాకేం తెలియదు అనడానికి ఎవరికీ వీల్లేకపోయింది. ఎమర్జెన్సీ పోయాక ఒకనాడు మిషన్ రిక్షాలో ఇంటికి వచ్చింది. ఒక పక్క సొట్ట, రిబ్బను ఎండిపోయి. యాదగిరి ఆ ఆదివారం మళ్లీ అబిడ్స్‌లో పుస్తకాలు పరిచాడు. వరండాలో అరుపులు మళ్లీ మొదలయ్యాయి. నాన్న బతికినన్నాళ్లూ సోషలిస్టే, సేటు బతికినన్నాళ్లూ షావుకారే. ఆ గుమాస్తాని సేటు మళ్లీ పనిలోకి పిలిచాడని రాయాలని నాకూ ఉంది గానీ, పిలవలేదు. మారింది ఒక్కటే. వరండాలో మూడు కుర్చీలుండేవి. వాదన ముదిరినప్పుడు ఇద్దరూ మూడో కుర్చీ వైపు చూసేవాళ్లు.

ఇదంతా చెప్పేసరికి అమూల్య నా చేతిలోంచి రసీదు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూస్తోంది. "నిజంగ పేరు రాసిచ్చిండా నానమ్మా?" అంది. దాని అనుమానానికి కారణముంది. సందులో మోరీ పొంగి ఇళ్లలోకి నీళ్లొస్తున్నాయని వీడియో తీసి నెట్‌లో పెడితే మూడు గంటల్లో మాయమైందట. నియమాలకి విరుద్ధం అని ఒక లైను వచ్చింది. ఏ నియమమని అడిగితే మళ్లీ అదే లైను. "సర్కారు తీపిచ్చిందో, కంపెనీ తీసిందో ఎవరికెరుక అత్తా? అడుగుదామంటే అవుతల మనిషే లేడు" అన్నాడు శ్రీను. అన్నీ అందరూ మాట్లాడేయాలనే పక్షం కాదు నేను. మొన్న మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరో ఎత్తిపోసిన అబద్ధానికి ఒక కూరగాయల బండివాణ్ణి నలుగురు కొట్టబోయారు. ఆ అబద్ధానికీ కింద పేరు లేదు. నాన్న చెప్పిన పుచ్చిన మాట అదే. అయితే ఇప్పుడు సర్కారూ షావుకారూ ఒకే బల్ల దగ్గర కూచుని చాయ్ ఊదుకుంటున్నారు, మా వరండాలో ఆ కొన్నాళ్లు కూచున్నట్టు. మాట్లాడేవాడికీ పేరు లేదు, ఆపేవాడికీ పేరు లేదు. ఆ రోజుల్లో భయం ఎక్కువే, కాదనను. కానీ భయపెట్టేవాడి చేత సంతకం పెట్టించే గడప ఒకటి మా ఇంటికి ఉండేది.

అమూల్య రసీదుకి ఫొటో తీసుకుంది. రేపు వార్డు ఆఫీసుకి కాగితం మీద రాసుకుని పోతానంది, తీసుకున్నట్టు సంతకం పెట్టేదాకా కదలనంది. టిఫిన్ డబ్బా తీసుకెళ్లు, అన్నాను.

తెలుగు మిషన్ ఇప్పుడు నా దగ్గరే ఉంది. కొత్త రిబ్బను కోసం కోఠీ అంతా తిరగాల్సి వచ్చింది. ఈ కథ దాని మీదే కొట్టాను. ఆఖరి లైను అయ్యాక వేళ్లు వాటంతటవే ఎడమ మూలకి వెళ్లాయి. ఇదంతా అమ్మ చెప్పించిందే కదా అని, ఆమెవి ముందు, నావి తర్వాత, వ.ల./సు.భ. అని కొట్టాను. కొట్టి, చాలాసేపు దాన్నే చూస్తూ కూచున్నాను. ఆమె ఉంటే ఏం చేసేదో నాకు తెలుసు. కాగితాన్ని కాస్త పైకి తిప్పి వ.ల. మీద అడ్డగీతలు కొట్టేశాను. చెప్పింది నేనే. కొట్టిందీ నేనే.

సు.భ.